ధరలు సమానమైతే

కాకినాడ బస్సులో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఉప్పాడ చీరల దుకాణం వెబ్‌సైట్‌కి పీహెచ్‌పీ కోడ్ రాస్తున్నాను. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఒక్కో చీరకీ ఒక అర్రే, అంటే చిన్న జాబితా; అందులో పేరు, రంగు, ధర. వాటిని ధరల వరసలో పేర్చాలి. ఏ రెండు చీరల్ని పోల్చినా ఎక్కువ, తక్కువ అని రెండే జవాబులొచ్చేలా రాసి, అయిపోయిందనుకున్నాను.

పక్కసీటావిడ తెర చూసి, “ధరలు సమానమైతేనండీ?” అన్నారు.

“ఏదో ఒకటి ముందొస్తుందండి,” అన్నాను ధీమాగా.

దిగేటప్పుడు తలుపు దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

“మీరు దిగండి,” అన్నాను.

“అయ్యో, ముందు మీరండి.”

వెనక జనం విసుక్కుంటున్నారు. ఆవిడ నవ్వేశారు. “సమానమైతే వచ్చిన వరసేనండి. బస్సు ముందెక్కింది మీరు, దిగండి.”

బస్టాండు బల్ల మీదే మూడో జవాబు రాశాను: సమానమైతే సున్నా, అంటే వచ్చిన వరసే. ఇప్పటికీ నేను ముందు రాసేది ఆ సున్నానే.