నల్ల వానెట్ విషయంలో అసలు జరిగింది

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా సంతోషంగా లేస్తారు, నేను ఈరోజు మీ ముఖాలు చూడలేక చూడలేక లేచాను. పాస్టరుగారు ముందే అడిగారు, దావీదూ, ఇది అందరి ముందూ చెప్పవలసిందేనా, నాతో చెప్పుకుని ప్రార్థన చేసుకుంటే చాలదా అని. చాలదయ్యగారూ అన్నాను. ఎందుకంటే చలికాలం మొదట్లో ఇదే హాల్లో ఇదే మైకు పట్టుకుని, దేవుడు మమ్మల్ని రోడ్డు ప్రమాదంలోనుంచి ఎలా బతికించాడో చెప్పి, మీ అందరి చేతా స్తోత్రాలు చెప్పించుకున్నాను. దేవుడు బతికించిన మాట నిజం. మిగతా దాంట్లో నేను అబద్ధం కలిపాను.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. మాది రైల్వేకోడూరు దగ్గర పల్లె, అక్కడ తోటల్లో ట్రాక్టరు తోలేవాణ్ణి, ట్రాలీ తగిలించి బొప్పాయికాయలు మార్కెట్టుకు చేర్చేవాణ్ణి. అంతకు మించి ఏ బండి వెనకా ఏదీ కట్టి లాగి ఎరగను. కానీ ఈ దేశం వచ్చిన కొత్తలో మా యజమాని, ఆయన్ని బాబా అంటాం, పెద్ద బండ్లు తోలావా, ట్రెయిలర్ లాగావా అని అడిగితే, అన్నీ తోలాను బాబా, అంతా మాలూమ్ అన్నాను. తెలియదంటే ఎక్కడ వెనక్కి పంపుతాడో అని మనకు భయం కదా. కువైట్‌లో దిగిన మనవాళ్ళలో తెలియదు అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు, ముందు తెలుసనేస్తాం, తరువాత దొంగచాటుగా నేర్చుకుంటాం. చాలావాటికి అలాగే గడిచిపోతుంది. నాకూ చాలా ఏళ్ళు గడిచిపోయింది, ఎందుకంటే బడికి పిల్లల్ని దింపడం, బాబా భార్యను, ఆమెను మామా అంటాం, సాల్మియా బజారుకు తీసుకెళ్ళడం, ఇంతే నా పని.

ఈ చలికాలానికి ముందు బాబా వానెట్ కొనాలనుకున్నాడు. పికప్‌ను ఇక్కడివాళ్ళు వానెట్ అంటారని మీకు తెలిసిందే. ఇంటిల్లిపాదీ కూర్చునే నాలుగు తలుపుల పెద్ద అమెరికా బండి కావాలి, చలికాలంలో ఎడారిలో వేసుకునే గుడారానికి సామానంతా ట్రెయిలర్‌లో లాక్కెళ్ళాలి, బాబా తల్లి యుమ్మా కూడా అందులోనే రావాలి. యుమ్మాకు మోకాళ్ళ నొప్పులు, మన మార్తమ్మక్క చెయ్యి పట్టుకోనిదే గుమ్మం దాటదు. మార్తమ్మక్క ఆ ఇంట్లోనే వంట చేస్తుంది, యుమ్మాను చూసుకుంటుంది, నన్ను ఈ కూడికకు మొదట తీసుకొచ్చింది కూడా ఆమే. అది కూడా చెప్పుకోవాలి నేను.

బండ్లు అమ్మేచోటికి బాబా, మామా, యుమ్మా, అక్క, నేను అందరం వెళ్ళాం. అక్కడ రెండు బండ్లు నచ్చాయి. ఒకటి తెల్లది, మామూలుగా ఉంది, ఎక్కడానికి అడుగున మెట్టు ఉంది, ట్రెయిలర్ లాగడానికి కంపెనీ నుంచే హుక్కూ, ట్రెయిలర్ బ్రేకు పట్టే ఏర్పాటూ అన్నీ అమర్చి ఉన్నాయి. రెండోది నల్లది. ఎవరో కుర్రవాడు దాన్ని బాగా పైకి లేపించి, నా నడుము దాకా వచ్చే చక్రాలు వేయించి, ముందంతా మెరుగుపెట్టించి అమ్ముకున్నాడు. దాన్ని చూడగానే నా మనసు పోయింది సహోదరులారా. ట్రెయిలర్ గుర్తు రాలేదు, యుమ్మా గుర్తు రాలేదు. దాని ముందు నేను నిలబడి ఉన్న ఫొటో ఊళ్ళో మా బావమరిది ఫోనులో ఎలా కనపడుతుందో అది గుర్తొచ్చింది. శుక్రవారం కూడికకు వచ్చి మీ అందరి ముందు దాంట్లోనుంచి దిగడం కూడా గుర్తొచ్చింది, ఎందుకు దాచాలి?

అక్క నా పక్కకు వచ్చి మెల్లగా అంది, "తమ్ముడూ, ముసలామెకు మోకాళ్ళు వంగవు. అంత ఎత్తుకు ఎట్ల ఎక్కుతాది? ఆ తెల్లదే మేలు గదా."

"అక్కా, వంట నీకు తెలుసు, బండ్లు నాకు తెలుసు," అన్నాను నేను.

అమ్మే మనిషి కూడా చెప్పాడు, ఈ నల్లది ఎత్తు బండి, ట్రెయిలర్ కట్టాలంటే కిందికి దిగే హుక్కు వేరే వేయించుకోవాలి, లేకపోతే ట్రెయిలర్ ముక్కు పైకి లేచి తోక ఊపుతుంది అని. మాలూమ్, మాలూమ్ అన్నాను. బాబా మామా ముందే నన్ను అడిగాడు, "దావూద్, ఇది జైనా, మూ జైనా?" మంచిదా కాదా అని. "జైన్ బాబా, దీనికి మించింది లేదు," అన్నాను. మామా నోరు విప్పబోయి ఊరుకుంది. యుమ్మాను ఎక్కించడానికి ఒక స్టూలు కొన్నాం. ఆ శుక్రవారం బండి ఈ హాలు బయటే నిలిపాను, మీలో కొందరు పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు, నేను తాళాలు వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

గుడారానికి బయలుదేరే రోజు వచ్చింది. కిందికి దిగే హుక్కు నేను వేయించలేదు, అడిగితే ఇది తెలియదా నీకు అంటారేమో అని. జనరేటరు, నీళ్ళ డబ్బాలు, బియ్యం మూటలు అన్నీ ట్రెయిలర్ వెనక చివర పెట్టించాను, దిగగానే ముందు అవే కావాలి కదా అని. మా ట్రాక్టరు ట్రాలీకి అలాగే సర్దేవాళ్ళం. ఆ ట్రాక్టరు నడిచేవాడితో సమానంగా పోతుందని, ఇక్కడి హైవే అది కాదని నాకు తట్టలేదు. బాబా తన కారులో ముందు వెళ్ళాడు, మామా ఆయనతో ఉంది. నా బండిలో యుమ్మా, అక్క, చిన్నపిల్లలు ఇద్దరు.

ఊరు దాటి సులైబియా వెనక పడ్డాక గాలి అందుకుంది. ముందు ట్రెయిలర్ కొంచెం ఊగింది. తరువాత బండి వెనక భాగాన్నే ఎవరో పట్టుకుని ఇటూ అటూ లాగుతున్నట్టయింది, నేను భయపడి బ్రేకు గట్టిగా తొక్కాను, తొక్కకూడదని తరువాత తెలిసింది, అంతే, ట్రెయిలర్ తిరగబడి తెగిపోయింది, మా బండి గుండ్రంగా తిరిగి రోడ్డు దిగి ఇసుకలోకి పోయింది. యేసయ్యా, యేసయ్యా, ఈ పిల్లల్ని చూడయ్యా అన్నాను, ఇంకేమీ అనలేకపోయాను. బండి ఆగింది. పిల్లలకు గీత పడలేదు. యుమ్మాకు చెయ్యి విరిగింది. వెనక వచ్చే బండ్లు ఒక్కటి కూడా మమ్మల్ని తాకలేదు. ఇంతవరకు దేవునికే మహిమ, దీంట్లో నా తెలివి ఏమీ లేదు.

బాబా వెనక్కి పరుగెత్తుకుని వచ్చాడు. పిల్లల్ని చూశాడు, తల్లిని చూశాడు, తిరగబడ్డ ట్రెయిలర్ చూసి, బరువంతా వెనక ఎవరు పెట్టారు అని అడిగాడు. అక్క యుమ్మా తల ఒడిలో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. నేను ఆమె వైపు చూడకుండా, "మార్తా సర్దింది బాబా," అన్నాను.

ఆమెకు నాకంటే అరబీ బాగా వచ్చు. విన్నది. యుమ్మా మూలుగుతుంటే ఆమె ముఖం తుడుస్తూ ఉండిపోయింది, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఇంకో అబద్ధం ఆడేవాణ్ణేమో.

మామా ఆరోజు నుంచి అక్కను యుమ్మా గదిలోకి రానివ్వలేదు. కొత్త మనిషి దొరకగానే అక్కను మక్తబ్‌లో, అంటే పనివాళ్ళను తెచ్చిపెట్టే ఆఫీసులో, తిరిగి అప్పజెప్పేస్తానంది. అక్కడి నుంచి ఏ ఇంటికి పంపుతారో, శుక్రవారం బయటికి పంపే ఇల్లో కాదో ఎవరికి తెలుసు? ఇదంతా చూస్తూ నేను ఇక్కడికి వచ్చి ఏం చెప్పాను? ఒక సహోదరి అజాగ్రత్తగా సామాను సర్దినా దేవుడు నా చేతులను బలపరిచి అందరినీ కాపాడాడు అని చెప్పాను. పేరు చెప్పకపోయినా మీ అందరికీ అర్థమైంది. మీరు ఆమెన్ అన్నారు. కూడిక అయ్యాక ఇద్దరు ముగ్గురు అమ్మలు అక్కను పక్కకు పిలిచి, పెద్దవాళ్ళ ఇళ్ళలో జాగ్రత్తగా ఉండాలి మార్తమ్మా అని బుద్ధి చెప్పారు, నేను చూశాను, చూసి చెప్పులేసుకుని వెళ్ళిపోయాను. తరువాత అక్క కూడికకు రావడం మానేసింది.

నాకు ప్రార్థన రావడం పోయింది సహోదరులారా. మోకాళ్ళమీద ఉంటే ఊళ్ళో పిల్లల కోసం, జీతం కోసం అడగగలిగేవాణ్ణి, క్షమించు అనడానికి మాత్రం నాలుక తిరిగేది కాదు. ఆ మాట అంటే తరువాత ఏం చెయ్యాలో తెలుసు కదా. అన్నం ముందు కూర్చుంటే అక్క వండిన కూరే, ఎలా మింగను?

యుమ్మా చేతి కట్టు చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళవలసి వచ్చింది. బాగుచేయించిన ఆ నల్ల బండే, అదే స్టూలు. యుమ్మా ఒక కాలు స్టూలు మీద పెట్టి రెండోది ఎత్తలేక వణుకుతూ నిలబడిపోయింది. "మార్తా ఏది? ఆమెను పిలువు," అంది. లోపల పని ఉంది యుమ్మా అన్నాను. అప్పుడు ఆ పెద్దామె, బండి తిరిగినప్పుడు మార్తా నామీద పడుకుని నన్ను కప్పింది, ఆమె లేకపోతే నా తల పగిలిపోయేది, ఇది మీరెవరూ అడగలేదే నన్ను అంది. ఆమె మెల్లగా, కోపం లేకుండా చెప్పింది.

ఆసుపత్రి బయట బండి నిలిపే చోటు దొరక్క తిరిగి తిరిగి ఎక్కడో ఎండలో ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని అప్పుడు ప్రార్థన చేశాను. ప్రభువా, నాకు బండి లాగడం తెలియదు, నాకు నిజం చెప్పడం కూడా తెలియదు, నా ఉద్యోగం నువ్వే చూసుకో, నా నోరు మాత్రం ఈరోజే తెరువు, రేపటిదాకా ఉంచితే నేను మళ్ళీ పారిపోతాను తండ్రీ అని ఏడ్చాను. యుమ్మాను తీసుకుని ఇంటికి పోయేలోగానే భయం ఎక్కడికో పోయింది. నా ధైర్యం అయితే ఫర్వానియా దాటేలోగా అయిపోయేది, అది దేవుడిచ్చింది.

బాబా స్నేహితులతో కూర్చునే బయటి గది, దివానియాలో, ఒక్కడే ఉన్నాడు. అంతా చెప్పాను. పెద్ద బండ్లు తోలలేదని, ట్రెయిలర్ ఎప్పుడూ లాగలేదని, హుక్కు సంగతి తెలిసీ వేయించలేదని, బరువు వెనక పెట్టించింది నేనని, అక్క తెల్ల బండి తీసుకోమని చెప్పిందని. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కొట్టేయించి ఊరికి పంపేస్తాడనుకున్నాను. బాబా నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. తరువాత, "నాకూ ఆ నల్లదే కావాలనిపించింది. నువ్వు జైన్ అంటే మామా ఇంక మాట్లాడదని ఆమె ముందు నిన్ను అడిగాను," అన్నాడు. ఆయన ముఖం కూడా నా ముఖంలాగే సిగ్గుతో వాలిపోయి ఉంది. ఇద్దరం లేచి మామా దగ్గరికి వెళ్ళాం, ముందు ఆయన చెప్పాడు, తరువాత నేను చెప్పాను. మామా మా ఇద్దరినీ ఏమన్నదో ఇక్కడ చెప్పను, అనవలసిందే అన్నది. ఆ సాయంత్రం తనే వంటింట్లోకి వెళ్ళి అక్కను చెయ్యి పట్టుకుని యుమ్మా గదికి తీసుకెళ్ళింది. బండి మార్చి తెల్లది తెచ్చారు. ట్రెయిలర్ లాగే పనికి బాబా వేరే డ్రైవరును పెట్టుకున్నాడు, నాకు పిల్లల బడి కారు ఒక్కటే మిగిలింది, నాకది చాలు.

నేను అక్క దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా చెప్పిన మాటలు ఇవి: "నీ కోసం రోజూ ప్రార్థన చేస్తాంటి తమ్ముడూ. నువ్వు నిజం చెప్పాలని గాదు. ఎవరికన్నా తెలిస్తే నీ పని పోతాది, ఇంటికాడ నీ పిల్లోళ్ళు ఏమైపోతారో అని చేస్తాంటి. కోపం లేదని మాత్రం చెప్పను, శానా ఉండాది. బాబా ముందర చెప్పినావు, బాగుండాది. మందిరంలో నా మనుషుల ముందర ఎవరు చెప్తారు?"

అందుకని లేచాను. నన్ను విడిపించిన దేవునికి స్తోత్రం. ఆయన నన్ను ఇసుకలో బతికించాడు, నా నోటిని దివానియాలో తెరిచాడు, రెండోది నాకు ఎక్కువ కష్టమైంది. మీలో ఎవరైనా తెలియనిదాన్ని తెలుసని చెప్పి ఇరుక్కుని ఉంటే, మీ తప్పు ఇంకొకరి నెత్తిన పెట్టి నిద్ర పట్టక ఉంటే, ఆయన్ని నమ్మి చెప్పేయండి, మీ పని, మీ ఇఖామా, మీ పరువు ఆయన చూసుకుంటాడు, చూసుకోకుండా పోయినా ఇలా బతకడం కంటే మేలు.

మార్తమ్మక్క ఈరోజు వచ్చింది, అదిగో ఆఖరి వరుసలో తలుపు దగ్గర కూర్చుంది. ప్రార్థన అయ్యాక నాతో చేతులు కలపడానికి ఎవరూ రాకండి. ముందు అక్క దగ్గరికి వెళ్ళండి.