బాపు చొక్కా మీద మూడో పట్టీ

ఎయిర్‌ఫోర్స్ వాళ్ల నాలుగేళ్ల కొలువు భర్తీలో చేరితే చాలు, సార్జెంట్ అయి ఇంటికొస్తారని మన చంద్రపూర్ బస్టాండు దగ్గరి కోచింగ్ క్లాసు యజమాని పిల్లలకు సిగ్గులేకుండా అబద్ధం చెబుతున్నాడు. భర్తీ కరపత్రం మూడుసార్లు చదివాను, ఆ మాట ఎక్కడా లేదు. అతని బోర్డు మీది బొమ్మలో కుర్రవాడి చొక్కా చేతికి సార్జెంట్ హోదా చూపే మూడు పట్టీలు చూడగానే నాకు చిన్నప్పటి భయం తిరిగొచ్చింది.

ఎయిర్‌ఫోర్స్ ఇళ్లలో పెరిగిన మిత్రులారా, ఆ చొక్కాల వాసన గుర్తుందా? గంజి, బొగ్గుల ఇస్త్రీ, ట్రంకుపెట్టెలోని నాఫ్తలీన్ గోలీలు. మా బాపు చొక్కా చేతికి మొదట ఏ గుర్తూ లేదట. తర్వాత ప్రొపెల్లర్ గుర్తు, కార్పోరల్ అయ్యాక రెండు పట్టీలు వచ్చాయి. సార్జెంట్‌గా మూడో పట్టీతో సెలవుకు వచ్చేసరికి ఆయన నౌకరీకి పదమూడేళ్లు.

ఆ పట్టీని నేను బ్లేడుతో కోసి నా బడిచొక్కాకు అంటించుకున్నాను. మర్నాడే బాపు డ్యూటీకి బయలుదేరాలి.

"అయ్యో, గిదేం జేసినవ్‌ రా!" అమ్మ ముఖం పాలిపోయింది.

నేను బియ్యం డ్రమ్ము వెనక నక్కాను. "బాపూ, నిన్ను మల్ల కార్పోరల్ జేస్తరా?"

బాపు నవ్వలేదు. "సూది తే. కోసుడు నిమిషం పని బిడ్డా, అది వచ్చుడే కష్టం" అంటూ తానే కుట్టుకున్నాడు. నాకింకా భయం పోలేదు.

నిన్న మా తమ్ముడు ఆ బోర్డు ముందే ఫొటో దిగి వచ్చాడు. నాలుగేళ్లకు చాలామందిని ఇంటికి పంపేస్తారని వాడికెవరూ చెప్పలేదు. ఆ యజమానిని ఒక్కడినే నిలదీయాలంటే నాకు భయంగా ఉంది. ఆదివారం పొద్దున పది గంటలకు ఆ బోర్డు కింద కలుద్దాం. మీ నాన్నల పాత చొక్కాలు తీసుకురండి, మూడో పట్టీకి ఎన్నేళ్లు పట్టిందో ఆ పిల్లలకు చూపిద్దాం.