నల్లగున్నది ఫోటోనా, పిల్లనా?

సుల్తానాబాద్ స్టూడియోలో ఆల్బంలకు అట్టలు అంటించే పనికి కుదిరింది వనజ. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే కంప్యూటర్ మీద చెడగొట్టి, మళ్లీ చెడగొట్టి, ఫోటోలు సరిచేయడం తనంతట తానే నేర్చుకున్నది. ఇప్పుడు ఆ కుర్చీ ఆమెదే.

కెమెరా నుంచి దించిన, ఇంకా దిద్దని రా ఫోటోలు చూస్తే పెళ్లివాళ్ల గుండె జారిపోతుంది. అంత నల్లగా ఉంటాయవి. వనజకు ఆ దిగులు లేదు. వెలుగు కొంచెం తగ్గించి తీయమని ఫోటోగ్రాఫర్‌కు చెప్పేదే ఆమె. నల్లగా వచ్చినదాన్ని వెలుగులోకి లేపవచ్చు, తెల్లగా మాడిపోయినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. వెలుగు పెంచేటప్పుడు ఆమె చూపు ముఖాల మీద ఉండదు, పుస్తెలతాడు మీద ఉంటుంది. తాడుకు పూసిన పసుపు పసుపులా కనబడగానే చెయ్యి ఆపుతుంది. నిమ్మపండు రంగుకు తిరిగితే హద్దు దాటినట్టే.

ఆ రోజు కమలవ్వ కొత్త కోడలు తిరుమలను వెంటబెట్టుకొని వచ్చింది. వాళ్లు చూస్తుండగానే వనజ తిరుమల పెళ్లి ఫోటోకు వెలుగు తెచ్చింది. చీర జరీ, బాసింగం దారాలు, చెంప మీది పసుపు మరక ఒక్కొక్కటే తేలాయి. స్టూడియో ఓనర్ నాగరాజు మెచ్చుకోలుగా తలూపాడు. కమలవ్వ మాత్రం మూతి ముడిచింది.

"ఇంకా నల్లగనే ఉన్నది గదా బిడ్డా."

"నల్లగున్నది ఫోటోనా పెద్దమ్మా, పిల్లనా?"

కమలవ్వ దాచుకోలేదు. దుబాయిలో ఉన్న చుట్టాలందరూ చూస్తారని, పిల్లను జర తెల్లగా చేయమని అడిగింది. వనజ మౌస్ జరిపి ఫోటో మొత్తానికి వెలుగు పెంచింది. తిరుమల ముఖం పిండి పూసినట్టయింది, పుస్తెలతాడు సున్నంలా పాలిపోయింది. పుస్తెల పసుపు తెల్లబడుడేందని కమలవ్వ నోటి మీద చెయ్యి వేసుకున్నది. ముఖం వరకే తెల్లగా చేసి పసుపును వదిలెయ్యమన్నాడు నాగరాజు.

వనజ ఫోటోను మళ్లీ మునుపటిలా చేసింది.

"చాతనైతది అన్నా. గని చెయ్య."

వనజ సొంత పెళ్లి ఆల్బంలో ఆమెను అట్లాగే తెల్లగా చేశారు. అందులో పెనిమిటి పక్కన ఎవరో పరాయి పిల్ల కూర్చొని ఉంటుంది. ఆ ఆల్బం వనజ తెరవక ఏండ్లయింది.

చేయకుంటే కుర్చీ దిగమన్నాడు నాగరాజు, వేరేవాళ్లతో చేయించుకుంటానన్నాడు. వనజ లేచి నిలబడింది.

"దిగిన. గీ పిల్ల ముఖం ఎవలు తుడుస్తరో, గీ పిల్ల ముంగటనే తుడువుమను."

అప్పుడు గాని ఎవరూ తిరుమల వైపు చూడలేదు. ఆ పిల్ల ముందుకు వంగి తెర మీది తన ముఖాన్ని చాలాసేపు చూసుకున్నది.

"గిది నేనే. గిట్లనే అచ్చు వెయ్యుండ్రి."

చుట్టాలు నవ్వుతారని గొణిగింది కమలవ్వ.

"నవ్వనీ అత్తమ్మా. రేపు ఇంటికొచ్చినంక, ఫోటోల ఒకతి, ఇంట్ల ఒకతి అని నవ్వరా?"

కమలవ్వ కొంగు సర్దుకున్నది, గోడకున్న ఫ్రేములను చూసింది, కోడలిని చూసింది. చివరికి కంప్యూటర్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"సరే తియ్. నన్నన్నా జర తెల్లగ చెయ్యి మరి."

నాగరాజును అడగకుండానే వనజ కుర్చీలో కూర్చున్నది.

"నిన్ను గూడ చెయ్య పెద్దమ్మా," అని తర్వాతి ఫోటో తెరిచింది.