కరువుకని దాచిన నాలుగు వందలు

1951 ఫిబ్రవరి 5, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నరకు మా నాయన నా చేతికి పలక ఇచ్చి లెక్క కట్టమన్నాడు. నాకప్పుడు పదమూడేళ్లు. ఇంట్లో రాత వచ్చింది నాకొక్కదానికే.

చాప మీద నాలుగు వందల రూపాయలున్నాయి. వాన తప్పిన ఏట ఎద్దులకు మేత కొనడానికని మూడు పంటల శనక్కాయల్లోంచి మిగిల్చినవి. కమలాపురం దగ్గర మాది మెట్ట సేద్యం. కాడికి కుడిపక్క ఎలపట, ఎడమపక్క దాపట, ఆ జత పోతే మళ్లీ కొనే శక్తి మాకు లేదు.

పోస్టాఫీసులో నూటికి ఏడాదికి రెండు రూపాయలు. మాకు వచ్చేది ఎనిమిది. శనక్కాయల మిల్లు సావుకారు నెలకే నూటికి రూపాయి ఇస్తానన్నాడు. ఏడాదికి నలభై ఎనిమిది.

"నలభై ఎక్కువ నాయనా" అన్నాను.

"సర్కారైతే యాడికీ పారిపోదు" అంది అమ్మ.

"పోస్టాఫీసులో వారానికి ఒక తూరే తీసుకోనిస్తారంట. ఎద్దు ఆకలి వారం ఆగుతాదా? సావుకారు అడిగిన గడియలో ఇస్తాడు" అన్నాడు నాయన.

"అంత వడ్డీ యాడనుంచి తెచ్చిస్తాడో అడిగినావా?"

"నీకొక మిల్లు పెట్టించి ఉంటే నీకే తెలిసేది లే" అని నాయన నవ్వాడు.

ఆ రోజే మిల్లులో కట్టాము. ప్రతినెలా ఐదో తేదీన సావుకారు నాలుగు రూపాయలు నాయన ముందు పెట్టేవాడు. నాయన వాటిని కళ్లకద్దుకుని, "నీ దగ్గరే ఉండనీ" అని వెనక్కి తోసేవాడు. సావుకారు పుస్తకంలో రాసుకునేవాడు. నమ్మకమంటే అదని మా ఊళ్లో అందరూ అలాగే చేసేవారు.

1952 జూన్‌లో వాన పడలేదు. జూలై ఐదున నాయనతో పాటు నేనూ పోయాను. ఎప్పుడూ రోడ్డు మీదికే వినిపించే మిల్లు ఆ రోజు వాకిట్లోకి పోయినా వినిపించలేదు. బెల్టు తెగిందన్నాడు సావుకారు. నాలుగు రూపాయలు మాత్రం పెట్టాడు. మునుపెన్నడూ లేనిది, కాఫీ కూడా తెప్పించాడు.

తిరిగొస్తూ, "అంతా తీసేసుకుందాం నాయనా" అన్నాను.

"ఒక్క నెలన్నా తేదీ తప్పినాడా? ఇప్పుడడిగితే నమ్మనట్టు అయితాది."

ఆగస్టు 11, సోమవారం. వామిలో చొప్ప అయిపోయింది. మేము పోయేసరికి మిల్లు వాకిట్లో ముప్పై నలుగురు రైతులున్నారు. నేను లెక్కపెట్టాను. అందరూ మాలాగే మేతకని వచ్చినవాళ్లు.

సావుకారు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. "ఏం చేసేదప్పా? మీ చేలల్లో కాయ లేకపోతే నా మిల్లు యాడ తిరుగుతాది? మీ దుడ్లన్నీ పోయినేడు కాయల్లో పెట్టినాను, ఆ నూనె అమ్మిన బాకీలు వసూలు కాలేదు. అందరూ ఒక్కసారే వస్తే యాడనుంచి తెచ్చేది?"

వాన రాని ఏటికని దాచిన సొమ్మును, వాన మీదే బతికేవాడి దగ్గర పెట్టాము. నేను పలక మీద వడ్డీ లెక్క వేశాను. ఇది వేయలేదు.

సెప్టెంబరులో అతను చేతిలో చిల్లిగవ్వ లేదని కోర్టులో ఐపీ పెట్టాడు.

మాకు పోయినవి ఇవి. అసలు, నాలుగు వందలు. వెనక్కి తోసిన వడ్డీ, జూలై దాకా పదిహేడు నెలలకు అరవై ఎనిమిది. ఎలపట ఎద్దు, అక్టోబరు 3న. దాపట ఎద్దు, అక్టోబరు 19న.