ఐసు చెమట పట్టేదాకా

ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. టీకాల గది తాళాలు ఇరవై ఏళ్లుగా ఆమె కొంగునే ఉన్నాయి కాబట్టి, ఆస్పత్రి మొత్తానికి ఆమె ఫ్రిజ్ అక్క. ఆమెకో చాదస్తం ఉంది. టీకాల డబ్బాలో పెట్టే ఐసు పలకల్ని ఫ్రీజర్‌లోంచి తీయగానే సర్దనివ్వదు. చెమట పట్టేదాకా బల్ల మీద ఉంచి, ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తేనే సరేనంటుంది. అక్క ఐసుతో ఫోన్ మాట్లాడుతోందని పెద్ద డాక్టరుతో సహా అందరూ నవ్వుకునేవాళ్లు.

ఒకరోజు తెల్లవారుతూనే ఒక కుట్టుపని అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. తల్లి రక్తంలో హెపటైటిస్ బి ఉందని ముందే తేలింది.

"నాది దీనికీ వస్తుందా అక్కా?" అని అడిగింది ఆ తల్లి.

రానివ్వనంది అక్క. అది నోటిమాటగా అన్నది కాదు. ఆ జబ్బుతోనే కాలేయం చెడి, ముప్పై రెండేళ్లకే ఆమె తమ్ముడు పోయాడు. పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదటి టీకా పడాలి. తోడుగా ఇచ్చే రక్షణ సూది అప్పటికే వేశారు.

తీరా చూస్తే, ఆ పూట డబ్బా సర్దింది కొత్త నర్సు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుని, పాపం, ఉన్న సీసాలన్నిటినీ రాయిలాంటి ఐసు మధ్య కూరింది. అక్క ఒక సీసా ఊపి చూసింది. గడ్డకట్టి కరిగిన మందు విరిగిన పాలలా పలుకులు కట్టి అడుగుకు దిగిపోయింది. ఒకసారి గడ్డకడితే ఆ టీకా ఇక పనిచేయదు.

గడువు తేదీ ఇంకా ఉందిగా, వేసేస్తే ఎవరికి తెలుస్తుందన్నాడు స్టోరు గుమాస్తా.

"పిల్ల ఒంటికి తెలుస్తుందండీ," అంది అక్క.

సీసాలన్నీ పక్కన పడేసి, ఖాళీ డబ్బాతో బస్సెక్కి పక్క ఊరి ఆస్పత్రికి వెళ్లింది. అక్కడా ఐసు చెమట పట్టేదాకా కదల్లేదు. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి, పిల్ల తొడకు తనే సూది వేసింది. కొత్త నర్సు కళ్లనీళ్లు పెట్టుకుంటే తిట్టలేదు, ఒక ఐసు పలక చేతికిచ్చి చెవి దగ్గర పెట్టుకోమంది.

మిగతా టీకాలన్నీ వేళకు పడ్డాయి. ఏడాదికి రక్తపరీక్ష చేశారు. వైరస్ లేదు, రక్షణ నిండుగా ఉందని పెద్ద డాక్టరే కాగితం పట్టుకుని టీకాల గదికి నడిచొచ్చాడు. నవ్విన నాపచేనే పండింది. అక్క ఏడ్చింది, సంతోషంతోనే.

తల్లికి ఇంకా నమ్మకం కుదరలేదు. "అయితే నాది దీనికి రాలేదా అక్కా?"

"నీ ముక్కొచ్చింది, నీ మొండితనమొచ్చింది. అదొక్కటే రాలేదు."