డెల్మర్ చేతి తూటాలు

మా మోంటానా లోయలో కొట్లో తూటాలు కొనేవాడు డెల్మర్ కంటికి మగాడే కాదు. తను మాత్రం కాల్చి పారేసిన ఇత్తడి తొడుగుల్ని కోడి గింజలేరినట్టు ఏరుకొచ్చి, వంటింటి బల్లమీద అడుగున కొత్త నిప్పుబిళ్ల బిగించి, మళ్లీ తుపాకీమందు పోసి, సుత్తితో గుండు దిగ్గొడతాడు. చలికాలమంతా అదే పని. నోరు మూసుకుని చేస్తే డెల్మర్ ఎందుకవుతాడు? చూడబోయిన పాపానికి నాకూ పాఠం తప్పలేదు.

"కంపెనీవాళ్లకేం తెలుసురా? మందు కొలవడమంటే తపస్సు!" అంటూ గరిటె గాల్లో ఆడించాడు.

"ముందు ఆ తొడుగులో పోశావో లేదో చూసుకోవయ్యా," అంది పొయ్యి దగ్గర్నుంచి అతని భార్య నెడ్రా.

"నాకే చెబుతావా!" అని గుండు దిగ్గొట్టేశాడు.

వేటకాలం మొదటిరోజు ముగ్గురం కొండెక్కాం. ఎదురుగా ఎల్క్ దుప్పి. డెల్మర్ మీట నొక్కితే తుపాకీ తుస్సుమంది. తూటాలో మందే లేదు. అడుగునున్న నిప్పుబిళ్ల ఒక్కటే పేలి, గుండును తుపాకీ గొట్టం మధ్యదాకా తోసి ఊరుకుంది. దుప్పి తలెత్తి అతణ్ణి తేరిపార చూసింది. ఈలోగా నెడ్రా కొట్లో కొన్న తూటాతో దాన్ని పడగొట్టింది.

ఆ సాయంత్రం ఉల్లిపాయలేసి వేయించిన ఆ దుప్పి కార్జమే నములుతూ డెల్మర్ నన్నడిగాడు: "నా చేతి తూటా గురి తప్పడం ఎప్పుడైనా చూశావురా?"

చూడలేదు. అది తుపాకీలోంచి బయటికొస్తే కదా చూడ్డానికి!