చచ్చిపోయిందనుకున్న ప్యాకేజీ

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, ఒక పని మానేశానని రాసిపెడితే లోకమంతా చదివి ఊరుకుంటుందని నా నమ్మకం. కాలేజీలో ఉండగా ఒక చిన్న ప్యాకేజీ, అంటే ప్రోగ్రాం ముక్క, రాసి ఇంటర్నెట్‌లో పెట్టాను. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగును ఇప్పటి అక్షరాల్లోకి మార్చడం దాని పని. ఎవరైనా తమ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా కలుపుకోవచ్చు. (మెచ్చుకుంటూ మెయిళ్ళు వస్తాయని ఎదురుచూశాను. తిట్లు మాత్రం వచ్చాయి.) చివరికి విసుగెత్తి, ‘దీన్ని ఇక చూసుకోను, ఎవరూ వాడకండి’ అని దాని పైన రాసి చేతులు దులుపుకున్నాను.

గోదావరిఖనిలో మా కాక, అంటే నాన్న తమ్ముడు, పోయిన మరుసటి రోజు ఫోన్ వచ్చింది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన కాక నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. అయినా నాకు కన్నీళ్ళు రాలేదు. ఇంటినిండా చుట్టాలు ఏడుస్తుంటే నేను కుర్చీలు సర్దుతూ తిరుగుతున్నాను. ఫోన్‌లో పెద్దపల్లి వైపు ఒక చిన్న దవాఖానలో రక్తపరీక్షలు చేసే అమ్మాయి. కొత్త కంప్యూటర్ పెట్టినప్పటి నుంచి రిపోర్టుల మీద పేర్లన్నీ పిచ్చిగీతల్లా వస్తున్నాయట, ఎవరి రక్తం ఎవరిదో తెలియడం లేదట. నా ప్యాకేజీ కలిపి ఆ సాఫ్ట్‌వేర్ చేసినతను నా నంబరిచ్చి తప్పుకున్నాడట.

“అది ఎప్పుడో చచ్చిపోయిందమ్మా, ఇగ వదిలెయ్యుండ్రి” అన్నాను, కాస్త గట్టిగానే.

గోడకానుకుని కూర్చున్న చిన్నమ్మ, అంటే కాక భార్య, ఏడుపు ఆపింది. “ఇంకెవలు పోయిండ్రు బిడ్డా?” పక్కనున్న ముసలామె, పోయిందెవరో కనుక్కోకుండానే, కొత్త శోకం అందుకుంది. పోయింది మనిషి కాదు, నేను రాసిన ప్యాకేజీ అని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. చిన్నమ్మ అంతా విని, “నువ్వు సచ్చిందంటే అయిపాయెనా? వాళ్ళు ఇంక దాన్నే పట్టుకోని ఉన్నరు గద. పో, జల్ది చూడు” అంది.

పెరట్లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేను రాసింది నాకే అర్థం కాలేదు. ఒకటి సరిచేస్తే రెండు చెడుతున్నాయి. తల పట్టుకుని మూలుగుతుంటే, కాకతో కలిసి డ్యూటీ చేసిన చాచా వచ్చి వీపు నిమిరి, ఏడవొద్దు బేటా, మనిషి మంచిగనే పోయిండు అన్నాడు. (కంప్యూటర్ గురించి మూలుగుతున్నానని ఏ మొహంతో చెప్పను?)

మధ్యాహ్నానికి ఎలాగో కుదిరింది. ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసి, సరిచూసుకోవడానికి పేర్లు చదివింది. మల్లమ్మ. ఖాసిం. ఓదెలు.

మా కాక పేరు అదే. మా వైపు ప్రతి వాడలో ఇద్దరు ఓదెలులు ఉంటారు. ఈయనెవరో బతికున్న ఓదెలు, రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నాడు. “కరెక్టే కదా సార్?” అని ఆమె అడుగుతూనే ఉంది.

ఆ ప్యాకేజీని ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను, తిట్టుకుంటూనే. ఎవరిదో రక్తపరీక్ష రిపోర్టు మీది పేరు విని పెరట్లో వెక్కివెక్కి ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. మరీ గట్టిగా కాదు.